కొస ఆట

జనవరి 9

ప్రాక్టీసు అయ్యాక గ్లేబ్ అర్కాదిచ్ నన్ను స్కేట్లు విప్పనివ్వకుండానే పక్కకి పిలిచాడు. ఇన్నేళ్ళుగా మా ఐస్ హాకీ జట్టుకి కోచ్‌గా ఉన్న మనిషి. అరవకుండా మాట్లాడగా నేను చూసింది తక్కువ. ఇవాళ అరవలేదు.

"తొక్తార్, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. కరగాందా వాళ్ళతో, మన రింకులోనే. కొస ఆట. ఏమంటావు, మర్యాదగా చేద్దామా? ఇంట్లోవాళ్ళనీ పిలిచి?"

"చేద్దాం గ్లేబ్ అర్కాదిచ్. దానికేముంది?" అన్నాను.

నా భుజం మీద చెయ్యి వేశాడు. తీయలేదు. మంచు నునుపు చేసే బండి తిరుగుతుంటే అటే చూస్తూ, "సరే మరి. నీ మాటే నా మాట" అని వెళ్ళిపోయాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రింకులో చలికి ఎవరి కళ్ళైనా ఎర్రబడతాయి.

ఇంటికొచ్చి టీలో పాలు పోసుకుంటుంటే తట్టింది. ఇరవై ఎనిమిది ఈ సీజన్లో మా ఊళ్ళో ఆడే కొస ఆట. అది అందరికీ కొసే. మరి నన్నొక్కణ్ణే ఎందుకు పిలిచాడు? ప్రతి ఏడూ సీజన్ అయ్యాక కుటుంబాలతో భోజనాలుంటాయి, దాని గురించే అయుంటుంది. జట్టులో అందరికంటే పెద్దవాణ్ణి నేనే కాబట్టి నాకు ముందు చెప్పుంటాడు.

అదే అయుంటుంది.

జనవరి 10

ఈ మాట పుట్టించినవాడెవడో దొరికితే బాగుండును.

మా డ్రెస్సింగ్ రూములో "చివరి" అనకూడదు. అంటే అది నిజంగానే చివరిదైపోతుందట. దాని బదులు "కొస" అనాలి. నిన్న ఆడిందీ కొస ఆటే, సీజన్లో ఆఖరున ఆడేదీ కొస ఆటే, ఇక జన్మలో స్కేట్లు కట్టనివాడు ఆడిందీ కొస ఆటే. నేను పదిహేడేళ్ళప్పుడు జట్టులోకి కొత్తగా వచ్చి తెలియక ఆ మాటన్నాను. పెద్దవాళ్ళు నా నోట్లో పక్, అదే ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ, కరిపించి రింకు చుట్టూ తిప్పారు. ఆ రబ్బరు రుచి ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు నాకు ముప్పై ఏడు. మళ్ళీ ఆ మాట అనలేదు.

ఇవాళ మా గోల్‌కీపర్ ఎస్కో అన్నాడు. ఫిన్లాండు నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు, వచ్చీరాని భాష. "చివరి టేపు చుట్ట ఎవరు తీసేరు?" అని అడిగాడు పాపం. అందరూ ఉన్నపళంగా లేచి గోడవారన ఉన్న పాత చెక్కబల్ల మీద టకటకా కొట్టారు. చెక్క మీద కొడితే కీడు తగలదట, ఆ గదిలో అసలైన చెక్క అదొక్కటే. హాకీ కర్రలని పేరేగాని మా చేతుల్లో ఉన్నవి కర్రవి కావు, దిష్టికి పనికిరావు.

"మా ఊళ్ళో చివరి అంటే చివరే" అన్నాడు ఎస్కో.

"అందుకే మీవాళ్ళు ఎప్పుడూ చావింటికొచ్చినట్టు ఉంటారు" అన్నాడు తిమా. డిఫెన్స్‌లో నా పక్కన ఆడే కుర్రాడు. నోటికి తాళం లేదు.

నేనూ కొట్టాను, అందరికంటే గట్టిగా. కొస అంటే ఆయుష్షు పెరుగుతుందని మావాళ్ళ నమ్మకం. కొసప్రాణం కూడా కొసే కదా, అది ఎన్నాళ్ళుంటుంది?

జనవరి 13

మోకాలు బాగుంది.

జనవరి 16

రిద్దెర్ నుంచి గెనా ఫోన్ చేశాడు. ఒకప్పుడు నాతో ఆడినవాడే, ఇప్పుడు ఆ కొండల్లో పిల్లల హాకీ స్కూలు నడుపుతున్నాడు. ఆగస్టు నుంచి వచ్చి డిఫెన్స్ నేర్పమంటాడు.

"నేనింకా ఆడుతున్నాను కదరా" అన్నాను.

"ఆడు, ఎవడొద్దన్నాడు? ఆడుతూనే చెప్పు. ఫిబ్రవరి ఆఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత ఇంకొకణ్ణి పెట్టుకుంటాను, నన్ను తిట్టకు."

"నాకు ఇంకో ఏడాది కాంట్రాక్టు ఇస్తారేమో."

"ఇస్తే మంచిదే. ఇస్తామన్నారా?"

ఇస్తామనలేదు. ఇవ్వమనీ అనలేదు. గెనాకి అదే చెప్పాను. అవతల వాళ్ళ కుక్క మొరిగింది.

మా ఆవిడ రౌషాన్‌కి చెప్పాను. వంటగదిలో పిండి పిసుకుతూ వింది. "మీ కోచ్‌ని అడగొచ్చుగా? నోరుంది కదా?" అంది. ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. అడిగితే జవాబొస్తుందని ఆవిడ ధైర్యం.

అడగడానికేం, అడగొచ్చు. ఏ మాటతో అడగాలి?

జనవరి 22

ఉండమనేటట్టు ఉన్నవి: వచ్చే ఏడాది క్యాలెండరుకి నా ఫోటో తీశారు. కొత్త కర్రలు నా కొలతకే తెప్పించారు.

పొమ్మనేటట్టు ఉన్నవి: ఫోటో తీసినవాడు "నవ్వండన్నా, జ్ఞాపకంగా ఉంటుంది" అన్నాడు. కర్రలు ఎప్పుడూ తెప్పించినన్ని తెప్పించలేదు.

జ్ఞాపకంగా అంటే ఏమిటి? అన్ని ఫోటోలూ జ్ఞాపకాలే కదా.

జనవరి 30

పావ్లొదార్ నుంచి బస్సులో వస్తున్నాం. బయట తెలుపు తప్ప ఏమీ లేదు. గెలిచాం. రెండో పీరియడ్లో నేను ఒకణ్ణి వదిలేశాను, వాడు నన్ను దాటిపోయి గోల్ కొట్టాడు. మోకాలు కాదు. మంచు బాగాలేదు.

తిమా వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు గింజలు కొరికి తొక్కలు గుప్పిట్లో పోసుకున్నాడు. వీడు అంతసేపు నోరు మూసుకోవడం వింత.

"తొక్తార్ అన్నా, ఒకటి అడుగుతాను, తప్పు పట్టుకోవుగా?"

"అడిగి చూడు."

"డ్రెస్సింగ్ రూములో నీ చోటు... ఆ వేడి గొట్టం పక్కది... ఇంకెవరికన్నా మాటిచ్చావా?"

"నేను చచ్చాననుకున్నావేంట్రా?"

వాడి మొహం పాలిపోయింది. "అయ్యో, అదేం మాటన్నా! చలికి అడిగాను" అని లేచి వెనక సీట్లోకి పారిపోయాడు. పారిపోతూ బస్సు కిటికీ చట్రం మీద కొట్టాడు. అది చెక్క కూడా కాదు.

వీడికేదో తెలుసు. లేదా వీడికి నిజంగానే చలేసింది.

ఫిబ్రవరి 4

మోకాలు బాగుంది. మా బిల్డింగు మెట్లు వెనక్కి తిరిగి దిగితే అసలేమీ తెలియదు. కింది ఇంటావిడ చూసి, "ఏం మర్చిపోయావు బాబూ?" అని అడిగింది. తాళంచెవి అన్నాను.

ఫిబ్రవరి 8

అమ్మ నా జెర్సీ ఇస్త్రీ చేస్తానంది. జెర్సీకి ఇస్త్రీ ఏమిటంటే వినదు.

"కోడలా, ఆ వేడిది ఇటియ్యి" అంది.

రౌషాన్ ఇస్త్రీపెట్టె అందించింది. మా తాత పేరు తెమిర్. తెమిర్ అంటే ఇనుము. కోడలు మామగారి పేరు పలకకూడదు కాబట్టి అమ్మ పెళ్ళయిన నాటినుంచీ ఇనుము అన్న మాటే అనలేదు. ఇస్త్రీపెట్టె "వేడిది". మేకు "గుచ్చుకునేది". నా స్కేట్ల కింది బ్లేడ్లు "జారేవి". రైలు పట్టాలు "ఆ పొడుగాటివి". ఊరి నిండా లోహం కరిగించే ఫ్యాక్టరీలు, మా నాన్న పనిచేసిందీ అందులోనే. అయినా ఆ మాట లేకుండా అమ్మ సంసారం ఈదుకొచ్చింది. తాత పోయి ముప్పై ఏళ్ళు దాటింది.

రౌషాన్ అడిగింది, "రిద్దెర్ సంగతి ఏం చేశావు? పాపకి బడి చూడాలి. వెళ్తామంటే వెళ్తాం, ఉంటామంటే ఉంటాం. నాకు రెండూ సమ్మతమే. తెలియకపోవడమే సమ్మతం కాదు."

"చెప్తానుగా."

"ఎప్పుడు?"

"వాళ్ళు చెప్పాక."

"వాళ్ళు చెప్పేదాకా నీకు తెలియదా, నువ్వు ఆడగలవో లేదో?"

తలుపు గట్టిగానే వేశాను. తర్వాత మెట్లన్నీ వెనక్కి దిగాల్సి వచ్చింది. కోపంగా బయటికొచ్చినవాడు అలా దిగితే ఏం మర్యాదగా ఉంటుంది? రౌషాన్ కిటికీలోంచి చూసుండదు.

ఫిబ్రవరి 15

ఇవాళ అడిగేశాను. దాదాపు.

ప్రాక్టీసుకి ముందు కోచ్ ఒక్కడే మంచు అంచున నిలబడి ఉన్నాడు. "గ్లేబ్ అర్కాదిచ్, ఆ ఇరవై ఎనిమిది సంగతి..." అన్నాను.

చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏర్పాట్లన్నీ అవుతున్నాయి. నన్ను ఎక్కువ మాట్లాడించకు. నువ్వన్న మాటే కదా."

"నేనన్న మాటా?"

ఈల ఊదేశాడు. నా మొహం మీదే.

నేనేం మాటన్నాను?

ఫిబ్రవరి 16

నేనేం మాటన్నానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. పావ్లొదార్‌లో ఆ గోల్ పోయాక బెంచీ మీద ఏదో తిట్టాను. కోచ్‌ని కాదు. మంచుని తిట్టాను.

ఫిబ్రవరి 20

బజారులో పొగబెట్టిన చేపలమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ భర్త ప్రతి ఆటకీ వచ్చి నన్నే తిడతాడు, నా వీరాభిమాని. ఆవిడ పెద్ద చేప చుట్టి చేతిలో పెట్టి ఎంతిచ్చినా పుచ్చుకోలేదు.

"మా ఆయన టిక్కెట్లు కొనేశాడు. ఇంక నిన్ను చూడం కదా నాయనా, ఆ రోజు మాత్రం బాగా ఆడు" అని ఎప్రాన్‌తో కళ్ళు తుడుచుకుంది.

ఇంక చూడరట.

ఊరందరికీ తెలుసు. చేపలావిడకి తెలుసు. బహుశా చేపకి కూడా తెలుసు. నాకొక్కడికే తెలియదు. ఇరవై ఏళ్ళు వీళ్ళ గోలు ముందు పడి దెబ్బలు తిన్నవాణ్ణి, కూరలో కరివేపాకులా తీసి పారేస్తున్నారు. అదైనా మొహం మీద చెప్పే ధైర్యం లేదు. కొసట, మర్యాదట!

చేప బాగుంది.

ఫిబ్రవరి 22

సెమెయ్ వాళ్ళమీద ఆడాను. మనుషుల్ని గోడకేసి కొట్టాను. వచ్చిన ప్రతి పక్‌కీ అడ్డం పడ్డాను. జనం నా పేరు అరిచారు. కోచ్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తిమా, "అన్నా, ఈ ఊపేంటి!" అన్నాడు. వాడితోనూ మాట్లాడలేదు.

మోకాలు బాగుంది. ఐసు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఫిబ్రవరి 24

తలుపు తట్టకుండా కోచ్ గదిలోకి వెళ్ళాను.

"నన్ను పొమ్మనదలిస్తే మొహం మీద చెప్పండి గ్లేబ్ అర్కాదిచ్. చేపలమ్మే ఆవిడకి చెప్పి నాకు చెప్పకపోవడం ఎక్కడి మర్యాద?"

ఆయన టీ తాగుతున్నాడు. మింగడానికి చాలాసేపు పట్టింది.

"ఎవడ్రా నిన్ను పొమ్మంది?"

"మీరు."

"నేనా? నువ్వే కదరా పోతానన్నావు!"

"నేనెప్పుడన్నాను?"

"ఆ రోజు రింకు పక్కన! కొస ఆట మర్యాదగా చేద్దామా అని అడిగితే, చేద్దాం, దానికేముంది అన్నావు. దానికేముందట! ఇన్నేళ్ళు ఆడి ఎంత తేలిగ్గా అనేశాడే, వీడి గుండె రాయే అని మా ఆవిడ దగ్గర కూర్చుని ఏడ్చాన్రా!"

"మీరు సీజన్లో కొస ఆట అంటున్నారనుకున్నాను!"

"నేనంది నీ కొస ఆట!"

"అలాగని సరిగ్గా చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్తాన్రా, ఆ మాట..." అని ఆగిపోయి బల్ల కింద చెయ్యిపెట్టి కొట్టాడు. పైన ప్లాస్టిక్ పరిచి ఉంది.

ఇద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. ఆయనే ముందు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఆగలేదు. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూసి తలుపేసేశారు.

తర్వాత ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నీ మోకాలు చూసి అడిగాను. ఊరికే అడిగాను. నువ్వు కాదంటావనుకున్నాను. నువ్వు కాదంటావని ఒక ఏడాదికి కాంట్రాక్టు రాయించి కూడా పెట్టాను. ఇదిగో." సొరుగులోంచి తీసి చూపించాడు. నా పేరే ఉంది. "కొసరు అనుకో. ఆడతానంటే ఇవాళే సంతకం పెట్టు. జనానికి నేను చెప్పుకుంటాను. ముసలాడికి మతిపోయిందనుకుంటారు, అనుకోనీ."

పెన్ను కూడా ఇచ్చాడు.

"ఆలోచించి చెప్తాను" అన్నాను.

"ఇరవై ఎనిమిదో తారీఖు ఆటకి ముందు చెప్పు. ఈసారి మాత్రం దానికేముంది అనకు, నీకు దణ్ణం పెడతాను."

ఫిబ్రవరి 25

సంతకం ఎందుకు పెట్టలేదు?

నెలన్నరగా నాకు కావాల్సింది ఆ కాగితమే కదా. పెన్ను చేతిలోకి వచ్చింది. నిన్నటిదాకా కోపమన్నా ఉండేది, దాన్ని పట్టుకుని మనుషుల్ని గోడకేసి కొట్టాను. ఇప్పుడు ఎవరిమీద కోప్పడాలి? ఎవరూ నన్ను పొమ్మనలేదు. ఎవరూ ఉండమని బతిమాలలేదు. అందరూ నన్నే అడుగుతున్నారు, కోచ్, గెనా, రౌషాన్. నన్నడిగితే నాకేం తెలుసు?

ఆడతాను. ఇంకో ఏడాది. అందులో ఆలోచించడానికేముంది?

మళ్ళీ "ఏముంది" అన్నాను.

ఫిబ్రవరి 26

మధ్యాహ్నం ఇంట్లో అమ్మా నేనూ తప్ప ఎవరూ లేరు. ఆవిడ బావుర్సాకులు, అదే మా పిండి బూరెలు, వేయిస్తోంది. నేను పక్కన కూర్చుని వేడివి వేడిగా తింటూ మొత్తం చెప్పాను, మొదటినుంచీ. కొస అన్న మాట ఎలా కొంప ముంచిందో చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆ మాట అంటే ఏమవుతుంది?" అంది.

"నిజమవుతుందమ్మా."

"అనకపోతే?"

పళ్ళెంలోంచి మరొకటి తీసుకున్నాను.

నూనెలోంచి ఒకటి తీసి, ఇంకోటి వేసి, అమ్మ తలుపు వైపు చూసింది. ఎవరో వింటున్నట్టు తలగుడ్డ సర్దుకుంది. తర్వాత మామూలు గొంతుతో అంది:

"తెమిర్."

చేతిలోది కింద పెట్టేశాను. నేను పుట్టి ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినలేదు.

"తెమిర్" అని మళ్ళీ అంది, ఇంకాస్త గట్టిగా. చెంపలు ఎర్రబడ్డాయి, కొత్త పెళ్ళికూతురిలా. "చూడు, ఏమన్నా అయిందా? మీ తాత పేరు నేను నోట పలకలేదు. పలకలేదని ఆయన లేకుండా పోయాడా? ఉన్నాడు. రోజూ పొద్దున్నే టీ అడిగాడు, ఉప్పు తక్కువైందన్నాడు. మాట అనకపోతే మనిషి పోడు నాయనా. మాట అంటే రాడు కూడా. నీ మోకాలూ అంతే."

"మోకాలికేమైంది? బాగానే..."

"మెట్లు వెనక్కి దిగడం నేను కిటికీలోంచి చూడట్లేదనుకుంటున్నావా?"

కిటికీలోంచి చూసింది రౌషాన్ కాదన్నమాట.

"నీకంటే ముందు పుట్టినవాళ్ళు నిలవలేదు. అందుకే ఆగుతాడు అని అర్థమొచ్చేలా నీకు తొక్తార్ అని పెట్టాం. ఆగావు, చాలు. ఇంక ఎక్కడ ఆగుతావో నీ ఇష్టం" అంది. వెంటనే, "అన్నీ తినెయ్యకు, పాపకి ఉంచు" అని పళ్ళెం లాక్కుంది.

ఫిబ్రవరి 27

ప్రాక్టీసు అయ్యాక ఒక్కణ్ణే రింకులో ఉన్నాను. ఎడమవైపు తిరిగాను. తర్వాత మళ్ళీ ఎడమవైపు తిరగబోయి, కాలు ఒప్పుకోక కుడివైపు తిరిగాను. ఎవరూ చూడలేదు.

నేను చూశాను.

ఫిబ్రవరి 28

ఆటకి ముందు డ్రెస్సింగ్ రూములో జట్టులో పెద్దవాడు రెండు మాటలు చెప్పాలి. ఎప్పుడూ "పదండ్రా, తన్నండ్రా" అనేవాణ్ణి. కోచ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కోటు జేబులోంచి ఆ కాగితం అంచు కనబడుతోంది. ఆయనకి నా జవాబు ఇంకా తెలియదు. నాకు తెలుసో లేదో అప్పటికీ నాకు తెలియదు.

లేచి నిలబడ్డాను. పక్ రుచి నోట్లోకి వచ్చింది.

"ఇది నా చివరి ఆట" అన్నాను.

ఎవరూ కదల్లేదు. తిమా నోరు తెరుచుకుంది, చేతిలో టేపు చుట్ట జారి దొర్లుకుంటూ పోయింది. ఎస్కో ఒక్కడే మామూలుగా తలూపాడు. వాడికి అర్థమైన మొదటి మాట అదే అయుంటుంది.

తర్వాత టక్ మని వినపడింది. కోచ్, వెనకున్న పాత చెక్కబల్ల మీద. తిమా ఒక్క గంతులో వెళ్ళి కొట్టాడు. అందరూ కొట్టారు. ఆ బల్లకి అంతమంది చేతులు పట్టలేదు, పట్టనివాళ్ళు కర్రలతో నేలని కొట్టారు. మా ఆటలో ఎవరినైనా గౌరవించాలంటే అలాగే కర్రలతో నేలని కొడతారు. దిష్టి తీయడానికి ఎవరు కొట్టారో, నాకోసం ఎవరు కొట్టారో తెలియలేదు. కొట్టేవాళ్ళకీ తెలిసుండదు. చాలాసేపు ఆపలేదు.

నేను కొట్టలేదు. చేతులు జేబుల్లో పెట్టుకోవాలనుకున్నాను, ఆ నిక్కరుకి జేబులుండవు. ఏడ్చాను.

ఓడిపోయాం. మూడో గోల్ నా పక్కనుంచే పోయింది. చేపలావిడ మొగుడు పైనుంచి నన్ను తిట్టాడు, ఎప్పటిలాగే. అమ్మ శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చుంది. అంతా అయ్యాక, "ఎవరు గెలిచారు?" అని అడిగింది. రౌషాన్ ఏమీ అడగలేదు. నా బరువు సంచీ తను పట్టుకుంది, నేను ఇచ్చేశాను.

కోచ్ ఆ కాగితం చింపలేదు. మడిచి జేబులో లోపలికి తోసుకున్నాడు. ఎందుకు చింపలేదా అని అనుమానం వచ్చేలోపే అటు చూడటం మానేశాను.

మార్చి 1

గెనాకి ఫోన్ చేశాను. గడువు నిన్నటితో అయిపోయిందని తిట్టి, ఆగస్టులో రమ్మన్నాడు.

మోకాలు బాగాలేదు. చాలా రోజులుగా బాగాలేదు.